డేటాబేస్ డాక్యుమెంటేషన్‌లో అక్షరదోషాలు సరిదిద్దడం: మీ అనుభవాలు చెప్పండి

చిరుదీపం:
పనిలో రోజూ వాడే ఒక డేటాబేస్ సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్‌ను ఈ మధ్య మొదటి అధ్యాయం నుంచి వరుసగా చదువుతున్నాను. కంటబడిన అక్షరదోషాలన్నిటినీ దిద్ది, వాటితో పాటు బ్రిటిష్ స్పెల్లింగులను అమెరికన్ స్పెల్లింగులుగా మార్చి, ఓ 40 చోట్ల కామాలు కూడా సర్ది, అంతా ఒకే ప్యాచ్‌గా (ఫైళ్లలో చేసిన మార్పుల కట్టగా) ఆ ప్రాజెక్టుకు పంపించాను. విడదీసి పంపమన్న ఒక్క వాక్యంతో అది తిరిగి వచ్చింది. తప్పని తెలిసిన తరువాత దిద్దడానికి ఇంత తర్జనభర్జన దేనికని నాకు బాధ కలిగింది.

అందులో ఒక దిద్దుబాటు నిజంగా ముఖ్యమైనది. ఒక సెట్టింగు ఆన్ చేస్తే కొన్ని మార్పులు లాగ్‌లో (సర్వర్ రాసుకునే చిట్టాలో) నమోదు కావు అని చెప్పవలసిన వాక్యంలో, ‘నాట్’ అనే మాట చివర టీకి బదులు డబ్ల్యూ పడి ‘నౌ’ అయింది. దాంతో ‘ఇప్పుడు నమోదవుతాయి’ అని అర్థం పూర్తిగా తిరగబడింది. రెండూ సరైన ఇంగ్లీషు మాటలే కనుక ఏ స్పెల్ చెకర్ కూడా దాన్ని పట్టుకోలేదు. ఈ పని ముందు నుంచి చేస్తున్నవారు మీ పద్ధతి చెబితే దాని ప్రకారం మళ్లీ పంపుతాను.

అక్షరసాక్షి:
చిరుదీపం గారూ, మీ ప్యాచ్ తిరిగి రావడానికి కారణం మీ మాటల్లోనే ఉంది. అర్థాన్ని తలకిందులు చేసిన ఆ ఒక్క అక్షరం 40 కామాల మధ్య పడిపోతే, చూసేవారు దాన్ని ప్రత్యేకంగా గమనించే వీలు ఎక్కడ ఉంటుంది? అర్థం మార్చే దిద్దుబాటు విడిగా, దానికి ఆధారంతో సహా వెళ్లాలి. కేవలం అక్షరదోషాలు ఇంకొక ప్యాచ్‌గా వెళ్లాలి. బ్రిటిష్, అమెరికన్ తేడా మాత్రం అసలు తప్పే కాదు. ఆ ప్రాజెక్టు ఏ పద్ధతి పాటిస్తుందో తెలుసుకున్న తరువాతే దాని జోలికి వెళ్లడం మంచిది.

నేను దిద్దే ముందు ఆ మాట ఎక్కడ ఉందో చూస్తాను. మామూలు వాక్యంలో ఉంటే నిస్సంకోచంగా దిద్దుతాను. ఎర్రర్ సందేశాన్ని యథాతథంగా చూపించిన చోట ఉంటే మాత్రం ముందు సోర్స్ కోడ్ తెరుస్తాను, ఎందుకంటే తప్పు అక్కడే పుట్టి ఉంటే, డాక్యుమెంటేషన్‌లో మాత్రమే దిద్దడం వల్ల సర్వర్ చెప్పే మాటకూ పుస్తకంలో ఉన్న మాటకూ పొంతన లేకుండా పోతుంది, ఆ సందేశాన్ని కాపీ చేసి వెతికేవారికి పేజీ దొరకదు. సోర్స్‌లోనే దిద్దాలంటే పని పెరుగుతుంది. గెట్‌టెక్స్ట్ (సందేశాల అనువాదాలను విడి ఫైళ్లలో ఉంచే సాధనం) పద్ధతిలో అనువాదాలు ఉన్న ప్రాజెక్టుల్లో మూల వాక్యంలో ఒక్క అక్షరం మారినా, కొత్త మూలంతో కలిపినప్పుడు పాత అనువాదం ‘ఫజీ’ (మళ్లీ సరిచూడవలసినది) అన్న గుర్తుతో పక్కకు వెళ్లిపోతుంది. అనువాదకులు మళ్లీ చూసి ఖరారు చేసేవరకు ఆ సందేశం ఇంగ్లీషులోనే కనిపిస్తుంది. టెస్టుల్లో రావలసిన ఫలితంగా రాసి పెట్టిన ఫైళ్లలో కూడా అదే సందేశం ఉంటే, వాటినీ మార్చకపోతే టెస్టు తప్పుతుంది.

లింకుల కోసం శీర్షికలకు ఇచ్చే ఐడీలు కూడా ఇటువంటివే. శీర్షికలో తప్పు దిద్దవచ్చు గాని, ఐడీలో తప్పు దిద్దితే ఆ చోటికి ఎవరెవరో ఇచ్చుకున్న లింకులన్నీ తెగిపోతాయి.

నిశితరేఖ:
ఉదాహరణ కోడ్‌లో పడే అక్షరదోషం గురించి నా అనుభవం చెబుతాను. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ మీద నడిచే ఒక అప్లికేషన్‌కు మా బృందమే రాసుకున్న డాక్యుమెంట్‌లో, పట్టిక సృష్టించే ఉదాహరణలో ‘ఇంటీజర్ ప్రైమరీ కీ’ (ప్రతి వరుసనూ విడిగా గుర్తించే పూర్ణాంకాల కాలమ్) అని ఉండవలసిన చోట, ఇంటీజర్ స్పెల్లింగులో మొదటి ‘ఈ’ తరువాత అదనంగా ఒక ‘ఆర్’ పడింది. ఎర్రర్ వచ్చి ఉంటే అదే రోజు బయటపడేది. ఎస్‌క్యూలైట్ దాన్ని మారు మాట్లాడకుండా ఒప్పుకుంది, ఎందుకంటే కాలమ్ టైపు పేరు ఏదైనా అది స్వీకరిస్తుంది, ఆ పేరులో ఐ, ఎన్, టీ అనే మూడు అక్షరాలు వరుసగా కనిపిస్తే పూర్ణాంకాల కాలమ్‌గానే చూస్తుంది.

అయితే రోఐడీకి (ప్రతి వరుసకూ ఎస్‌క్యూలైట్ లోపల ఉంచుకునే సంఖ్యకు) మారుపేరుగా మారి, విలువ ఇవ్వకపోయినా దానంతట అదే సంఖ్య నింపుకునే గుణం అచ్చంగా ‘ఇంటీజర్’ అని రాసినప్పుడే వస్తుంది. మా పట్టికలో ఐడీ ఇవ్వకుండా చేర్చిన ప్రతి వరుసలోనూ ఆ కాలమ్ నల్‌గా, అంటే విలువ లేకుండా, మిగిలింది. ప్రైమరీ కీలో నల్ ఎలా పట్టిందని మీరు అడగవచ్చు. చాలా ఏళ్ల నాటి ఒక పొరపాటును పాత అప్లికేషన్ల కోసం అలాగే ఉంచినందువల్ల, ఇటువంటి కీలలో నల్‌ను ఎస్‌క్యూలైట్ అనుమతిస్తుంది. ఆ సంగతి వారి డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. ఆ ఉదాహరణను నలుగురం నాలుగు చోట్ల కాపీ చేసుకున్న తరువాత గాని మాకు తప్పు కనబడలేదు. అప్పటి నుంచి, ఉదాహరణలను చదివి దిద్దడం మానేసి నడిపి దిద్దుతున్నాను. 2021లో వచ్చిన 3.37.0 వెర్షన్ నుంచి ఉన్న స్ట్రిక్ట్ పట్టికలలో (టైపులను కచ్చితంగా పాటించేవాటిలో) అయితే తప్పు టైపు పేరుకు వెంటనే ఎర్రర్ వస్తుంది కనుక, ఉదాహరణలు సరిచూసేటప్పుడు ‘స్ట్రిక్ట్’ అన్న మాట చేర్చి ఒకసారి నడుపుతాను.

పాతవరుస:
నిశితరేఖ గారు చెప్పినదానికి సరిగ్గా ఎదురైన సమస్య కూడా ఉంది. తప్పులా కనిపించేవన్నీ తప్పులు కావు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ‘ఎనలైజ్’ కమాండ్‌ను జెడ్‌తో కాకుండా బ్రిటిష్ పద్ధతిలో ఎస్‌తో రాసినా సర్వర్ ఒప్పుకుంటుంది. కమాండ్లను ఎలా రాయాలో నిర్వచించే వ్యాకరణ ఫైలులో రెండు రూపాలూ ఉన్నాయి. దాన్ని డాక్యుమెంటేషన్‌లో ఏకరూపత కోసం మార్చమని సూచించవచ్చు గాని, ‘ఈ కమాండ్ పనిచేయదు’ అని రాస్తే మన మాట మీదే నమ్మకం పోతుంది. ఇక తప్పుగానే పుట్టి పేరుగా స్థిరపడినవి ఉన్నాయి. వెబ్ పేజీలను చేరవేసే హెచ్‌టీటీపీలో, ఏ పేజీ నుంచి వచ్చారో చెప్పే ‘రిఫరర్’ హెడర్ ఒక ‘ఆర్’ తక్కువగానే ఆ పద్ధతిని వివరించే 1996 నాటి పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1945లోకి ఎక్కింది, ఇప్పటికీ అలాగే ఉంది. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఫైలు సృష్టించే ‘క్రియేట్’ కాల్‌కు చివరి ‘ఈ’ లేదు. డేటాబేస్‌లలో కూడా కాలమ్, ఫంక్షన్, సెట్టింగు పేర్లు ఇంతే. పేరులో తప్పు ఉందనిపిస్తే, డాక్యుమెంటేషన్ కాకుండా సాఫ్ట్‌వేరే దాన్ని ఎలా రాసుకుందో చూడాలి.

సెట్టింగుల విషయంలో ఇంకొక జాగ్రత్త అవసరం. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ కాన్ఫిగరేషన్ ఫైలులో మామూలు సెట్టింగు పేరు తప్పుగా ఉంటే సర్వర్ మొదలు కాదు. మధ్యలో చుక్క ఉన్న పేరైతే, దాన్ని ఏదో ఎక్స్‌టెన్షన్‌దని (అదనంగా చేర్చుకునే భాగానిదని) భావించి మౌనంగా ఉంచుకుంటుంది. అందువల్ల అటువంటి పేర్లలో పడిన అక్షరదోషం ఎక్కువ కాలం దాగి ఉంటుంది.

సూక్ష్మదర్శి:
సాధనాల గురించి రెండు మాటలు చెబుతాను. హన్‌స్పెల్ వంటి నిఘంటువు ఆధారిత చెకర్‌ను డేటాబేస్ డాక్యుమెంటేషన్ మీద నడిపితే ఫంక్షన్ పేర్లూ పట్టికల పేర్లూ అన్నిటినీ తప్పులుగా చూపించి విసిగిస్తుంది. కోడ్‌స్పెల్ తరచుగా జరిగే తప్పుల జాబితాతో పోల్చి చూస్తుంది కనుక ఈ పనికి బాగా నప్పుతుంది. దానంతట అదే దిద్దే ఆప్షన్‌ను మాత్రం నేను ఎప్పుడూ వాడను. చిన్న వేరియబుల్ పేర్లను కూడా అది మార్చేయగలదు. ఒకే మాట వెంటవెంటనే రెండుసార్లు పడటం కూడా చాలా సాధారణమైన తప్పు. వరుసల వారీగా వెతికే గ్రెప్, ఒక వరుస చివర ఒకటి, తరువాతి వరుస మొదట ఇంకొకటి ఉన్న జంటను పట్టుకోలేదు కనుక, పేరా మొత్తాన్ని ఒకే వరుసగా కలిపి వెతకాలి.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌కు పంపేవారు ప్యాచ్‌కు ముందు డాక్యుమెంటేషన్ ఫోల్డర్‌లో ‘మేక్ చెక్’ కమాండ్ నడిపి ట్యాగులు చెడలేదని చూసుకోవాలి. అక్కడ ఫైళ్ల పేర్ల చివర ఎస్‌జీఎంఎల్ (పాత ట్యాగుల పద్ధతి) అని ఉన్నా, 2018లో వచ్చిన 11వ వెర్షన్ నుంచి లోపల ఉన్నది ఎక్స్‌ఎంఎల్. దిద్దుబాటును స్వీకరించినా విడుదలైన వెర్షన్ల పేజీలో వెంటనే కనబడకపోతే కంగారు పడవద్దు. అవి దాదాపు మూడు నెలలకొకసారి వచ్చే మైనర్ విడుదలలతో మారుతాయి.

చిరుదీపం:
అందరికీ కృతజ్ఞతలు. ‘నాట్’, ‘నౌ’ దిద్దుబాటు ఒక్కటే విడదీశాను. అయితే అది నిజంగా అక్షరదోషమేనా, నేనే పొరబడ్డానా అన్న సందేహం మీ మాటలు చదివాక కలిగి, ప్రయోగానికి పెట్టుకున్న సర్వర్‌లో ఆ సెట్టింగు ఆన్ చేసి, ఒక వరుస మార్చి, లాగ్ తెరిచి చూశాను. ఆ మార్పు జాడ లేదు. సెట్టింగు ఆఫ్ చేసి అదే వరుస మళ్లీ మారిస్తే లాగ్‌లో కనిపించింది. ఆ రెండు ఫలితాలూ జతచేసి పంపితే మరునాడే స్వీకరించారు, పాత వెర్షన్ల బ్రాంచ్‌లలో కూడా దిద్దారు.

మామూలు అక్షరదోషాలు రెండో ప్యాచ్‌గా వెళ్లాయి. బ్రిటిష్ స్పెల్లింగులనూ కామాలనూ వదిలేశాను. రెండు తప్పులు ఎర్రర్ సందేశాల్లో ఉన్నాయని అక్షరసాక్షి గారి మాట విన్న తరువాతే గుర్తించాను. వాటి సోర్స్, టెస్టు ఫైళ్లు వెతికి పట్టుకున్నాను. ఆ ప్యాచ్ ఈ వారం రాస్తాను.