కెల్మాన్ 'రూమ్' చదివినవాళ్లు ఉన్నారా?

గోదారి_పిల్లోడు: మ్యూనిక్‌లో ఉంటున్నా, జర్మన్ బీ2 స్థాయి అయిపోయింది. జర్మన్‌లో రాసే డానియల్ కెల్మాన్ పుస్తకం 'రూమ్' (మన గది కాదు, కీర్తి అని) మొదలుపెడదామని. తొమ్మిది కథలూ వరసగానే చదవాలా? 2012లో వచ్చిన సినిమా ముందు చూడొచ్చా?

సాహితి_కె: మొదటి కథ చాలండీ పట్టేస్తుంది. ఎబ్లింగ్ కొత్త సెల్ కొంటే రాల్ఫ్ టానర్ అనే పెద్ద నటుడి నంబరొస్తుంది, మెల్లగా వాడిలాగే మాట్లాడ్డం మొదలెడతాడు. నా సిమ్‌కి రెండేళ్లు ఎవరో డాక్టరు గారి కోసం ఫోన్లొచ్చేవి, ఒక రాత్రి ఒకావిడ బాబుకి జ్వరమని ఏడుస్తుంటే తడిగుడ్డ వేయమని చెప్పేశా, తెల్లారేదాకా నిద్ర లేదు. ఎబ్లింగ్‌ని తప్పుపట్టలేను.

కృష్ణ79: ముందు దాన్ని నవల అనడం ఆపాలి. 'తొమ్మిది కథల్లో నవల' అని అట్టమీద వేసుకుంటే అయిపోతుందా? కథల సంపుటే.

మైత్రి: చివరి కథ దాకా వెళ్లారా మీరు? నన్ను నీ కథల్లోకి లాగకు అని ఎలిజబెత్ తన ప్రియుడు, రచయిత లియో రిక్టర్‌తో రెండో కథలోనే అంటుంది, తొమ్మిదో కథలో తను ఉన్నదే కథలో అని తెలుస్తుంది. ఇది సంపుటి ఎలా అవుతుందండీ?

అనువాదం_నా_పని: పన్నెండేళ్లుగా జర్మన్ నుంచి అనువాదాలు చేస్తున్నా కాబట్టి చెప్తున్నా, ఇంగ్లీష్‌లో చదివినవాళ్లకి ఏడో కథ సగమే అందుతుంది. అందులో మోల్విట్స్ అనేవాడు ఇంటర్నెట్ ఫోరంలో రాసే జర్మన్ నిండా ఇంగ్లీష్ ముక్కలే, మనం ఇక్కడ రాసే తెలుగులాగే. ఇంగ్లీష్‌లో పోస్తే ఆ ముక్కలు ఎక్కడ కనిపిస్తాయి?

సాహితి_కె: అంటే జర్మన్ రానివాళ్లం చదవొద్దా? నేను చదివింది కారొల్ బ్రౌన్ జేన్‌వే అనువాదమే. రోజలీ కథకి వెక్కివెక్కి ఏడ్చాను, అది కూడా సగమేనా?

అనువాదం_నా_పని: నేనన్నది ఏడో కథ గురించి. సరిగ్గా చదివి కోప్పడండి.

కృష్ణ79: రోజలీ కథకే నాకు ఒళ్లు మండింది. కేన్సర్ మనిషిని చనిపోడానికి జ్యూరిచ్ దాకా పంపి, చివరి నిమిషంలో రచయితే దిగి యవ్వనం ఇచ్చి పంపించేస్తాడు. మా అమ్మ పోయిన ఏడాది చదివా. మా అమ్మ కోసం ఎవరు దిగారు?

మైత్రి: సారీ అండీ, తెలీదు. తనకీ ఎవరో ఒకరు అలా చేస్తారేమో అని ఆ రచయిత కూడా ఆశపడతాడు కదా, నేను అక్కడే పుస్తకం మూసేసి కాసేపు కూర్చుండిపోయా.

కృష్ణ79: ఆ ముక్క నాకు గుర్తులేదు. మళ్లీ చూస్తా.

గోదారి_పిల్లోడు: మరి వరస సంగతి??

మైత్రి: వరసగానే తమ్ముడూ. టానర్ ఏమయ్యాడో నాలుగో కథలో, నంబర్లు ఎందుకు తారుమారయ్యాయో ఎనిమిదో కథలో గానీ తెలీదు.

వరంగల్_టు_వియన్నా: ఐదో కథలో రచయిత్రి మరియా రూబిన్‌స్టైన్ గురించి ఎవరూ మాట్లాడరేం? లియో బదులు విదేశీ యాత్రకి వెళ్లి, ఊరుకాని ఊళ్లో సెల్ చార్జింగ్ అయిపోయి అక్కడే చిక్కుకుపోతుంది. అది చదివాక నేను ఊరెళ్తే రెండు చార్జర్లు పెట్టుకుంటున్నా. అన్నట్టు ఆయనదే 2003 నవల, గుడ్డి చిత్రకారుడు కామిన్‌స్కీది, ఎవరి దగ్గరైనా ఉందా? జర్మన్‌దే కావాలి, వచ్చి తీసుకుంటా.