గోథే ఇల్లు: బూడిదైన తరువాత కట్టిన ఇంటికి వారసత్వ రక్షణ తగునా?

పాతమిద్దె:
జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో గ్రోసర్ హిర్ష్‌గ్రాబెన్ అనే వీధిలో జర్మన్ కవి గోథే పుట్టి పెరిగిన ఇల్లు ఉంది. 1944 మార్చి 22 నాటి వైమానిక దాడిలో అది కూలిపోయింది. 1947లో పని మొదలుపెట్టి, అదే స్థలంలో అవే కొలతలతో మళ్లీ కట్టి, 1951 మే నెలలో తెరిచారు. ఈనాడు అది రక్షిత కట్టడాల జాబితాలో ఉంది. నా అభ్యంతరమల్లా ఇదే: వారసత్వ చట్టాలు పుట్టింది మిగిలి ఉన్నదాన్ని కాపాడటానికే తప్ప, పోయినదాన్ని పోలేదన్నట్టు చూపడానికి కాదు. ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగిపోవాలని చారిత్రక కట్టడాల సంరక్షణపై 1964లో వెలువడిన అంతర్జాతీయ పత్రం వెనిస్ ప్రకటన స్పష్టంగా చెప్పింది. గోడ, దూలం, నేల, తలుపు దాదాపు అన్నీ కొత్తవే అయినప్పుడు, రెండు వందల ఏళ్లు నిలిచిన ఇంటికి ఇచ్చే గౌరవాన్ని దీనికి ఎలా ఇవ్వగలం? సభ్యుల అభిప్రాయాలు తెలుసుకోవాలని ఉంది.

సున్నం_ఇటుక:
పాతమిద్దె గారూ, మీరు ‘అసలు ఇల్లు’ అంటున్నది ఏ సంవత్సరపు ఇల్లో ముందు తేల్చుకోవాలి. గోథే నాయనమ్మ కొర్నేలియా 1733లో కొన్నది ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న రెండు పాత ఇళ్లను. కవి 1749లో పుట్టింది ఆ ఇరుకు గదుల్లోనే. నాయనమ్మ పోయిన తరువాత తండ్రి యోహాన్ కాస్పర్ 1755లో రెండింటినీ కలిపి, ఇప్పుడు మనం ఫొటోల్లో చూస్తున్న విశాలమైన మెట్లదారి గల ఇల్లుగా మార్చాడు. అంటే బాంబులు పడక ముందు కూడా ‘కవి పుట్టిన గది’ అని చూపించినది, ఆయన పుట్టిన ఆరేళ్లకు జరిగిన మార్పుల తరువాతి గదే.

ఆ పని జరిగిన తీరు ఈ చర్చకు ఇంకా ముఖ్యం. ఆ ఊరి పాత ఇళ్లలో కింది అంతస్తు కంటే పై అంతస్తులు వీధిలోకి పొడుచుకువచ్చి ఉండేవి. పునాది నుంచి కొత్తగా కట్టేవారు అంతగా ముందుకు రాకూడదని నగర నిబంధన ఉండేది. ఆ జాగా వదులుకోవడం ఇష్టం లేని యజమానులు పై భాగానికి ఊతకొయ్యలు పెట్టి, అడుగు నుంచి ఒక్కొక్క భాగాన్నీ తొలగించి కొత్తది చొప్పించుకుంటూ పైకి పోయేవారు. చివరికి పాతది దాదాపు ఏమీ మిగలకపోయినా కాగితాల మీద అది మరమ్మతే. తండ్రి కూడా ఇదే దారి పట్టాడని కవి తన ఆత్మకథలో రాసుకున్నాడు. పైకప్పు తీసే దాకా కుటుంబం ఆ ఇంట్లోనే కాపురం చేసింది. (నేటి నగరపాలక సంస్థలకు కూడా ఇలాంటి ‘మరమ్మతులు’ కొత్తేమీ కావు.) ఆ ఇంటిని మీరు ఎలాంటి సందేహం లేకుండా అసలుదిగా ఒప్పుకుంటున్నారు కదా!

ఇక ఊహ సంగతి. 1863లో ఈ ఇంటిని కొన్న ఫ్రయస్ డాయిచెస్ హోఖ్‌ష్టిఫ్ట్ అనే సంస్థ దగ్గర ఇంటి నక్షాలు, ఫొటోలు ఉన్నాయి. సంచాలకుడు ఎర్న్‌స్ట్ బాయిట్లర్ యుద్ధకాలంలోనే సామానును సురక్షిత స్థలాలకు తరలించాడు. కనుక ఖగోళ గడియారం గాని, చైనా తరహా కాగితం వల్ల ‘పెకింగ్’ అనే పేరు పడ్డ గది గాని ఎవరో కలగని చేర్చినవి కావు. వెనిస్ ప్రకటన అభ్యంతరం చెప్పింది ఊహకు. కొలిచి కట్టిన దానికి ఆ వాక్యం వర్తించదు.

ఎదురుప్రశ్న:
కొలతలు సరిపోయాయా లేదా అన్నది ఈ వివాదంలో చిన్న విషయం. 1947లోనే వాల్టర్ డిర్క్స్ అనే రచయిత అసలు ప్రశ్న వేశాడు. ఆ ఇల్లు పిడుగుపాటుకో భూకంపానికో పోలేదని, గోథే దేశస్థులే గోథే చెప్పినదాన్ని విడిచిపెట్టినందువల్ల వచ్చిన విధ్వంసంలో పోయిందని, ఆ చేదును అంగీకరించి ఇంటికి వీడ్కోలు చెప్పడమే నిజాయితీ అని ఆయన వాదన. డాయిచర్ వెర్క్‌బుండ్ సంఘంలోని వాస్తుశిల్పులు కూడా నకలు కట్టడాన్ని వ్యతిరేకించారు. ఇల్లు యథాతథంగా లేచి నిలబడితే మధ్యలో జరిగినదంతా వీధిలోంచి చెరిగిపోతుంది. దానికి రక్షిత హోదా కూడా జోడిస్తే ఆ చెరిపివేతకు ప్రభుత్వ ముద్ర పడినట్టే.

సున్నం_ఇటుక:
ఎదురుప్రశ్న గారూ, డిర్క్స్ మాటను నేనూ గౌరవిస్తాను. అయితే ఆ ఖాళీ స్థలం ఖాళీగానే ఉండి ఉండేదని మీరు అనుకుంటున్నారా? నగరం నడిబొడ్డున అక్కడ ఏదో ఒక కార్యాలయ భవనం వచ్చేది. జరిగినదాన్ని అది మాత్రం ఏం గుర్తుచేసేది? ఏ కట్టడమైనా తనంతట తాను పశ్చాత్తాపం ప్రకటించదు.

పాతమిద్దె:
1755 ఉదాహరణ బలమైనదే, కానీ అది నా వాదనకే దోహదం చేస్తుంది. ఆ మార్పు సాగినంత కాలం ఇల్లు ఇల్లుగానే ఉంది. ఊతకొయ్యల మీద నిలబడ్డా, మనుషులు అందులో వంట చేసుకున్నారు, పడుకున్నారు. 1944 నుంచి 1947 వరకు అక్కడ ఉన్నది శిథిలాల కుప్ప. తెగిన దారాన్ని తెగనట్టు చూపడమే నాకు మింగుడుపడటం లేదు. పైగా ఇలాంటి అనుమతి ఒకచోట ఆగదు: 2018లో అదే నగరంలో ప్రారంభమైన ‘కొత్త పాతబస్తీ’లో పదిహేను ఇళ్లను, అవి పోయిన డెబ్బై ఏళ్ల తరువాత, పాత రూపంలో కట్టారు. అక్కడ తిరిగి తెచ్చి పెట్టడానికి దాచిన సామాను కూడా లేదు.

గీతలపుస్తకం:
ఆ పదిహేను ఇళ్లనూ దీన్నీ ఒకే గాటన కట్టడం సరికాదు. ఆ ఇంటిని ఎరిగినవారు బతికుండగానే, దానిలోని వస్తువులు తిరిగి వచ్చే వీలుండగానే గోథే ఇంటిని కట్టారు. అయినా సున్నం_ఇటుక గారు ఒక సంగతి వదిలేశారు: సామాను మొత్తం ఆ కుటుంబానిది కాదు. తండ్రి గ్రంథాలయం పద్దెనిమిదో శతాబ్ది చివరలోనే వేలంలో చెల్లాచెదురైంది. ఇప్పుడు బీరువాల్లో ఉన్నవి చాలావరకు అవే కూర్పుల వేరే ప్రతులు. అంటే ఈ ఇంట్లో తిరిగి కూర్చే పని బాంబులకు ముందే మొదలైంది.

నా దృష్టిలో ఈ ఇంటికి రక్షణ ఉండాలి, కానీ 1755 నాటి ఇల్లుగా కాదు, 1951 నాటి కట్టడంగా. చుట్టూ ఊరంతా శిథిలంగా ఉన్నప్పుడు, తలదాచుకోవడానికే గదులు చాలనప్పుడు, ఒక సమాజం వడ్రంగులను, కమ్మరులను పిలిపించి మెట్ల కటకటాల్లో కవి తల్లిదండ్రుల పేర్ల తొలి అక్షరాలు మళ్లీ చేయించుకుంది. అది మంచి నిర్ణయమా కాదా అన్నది వేరే తగవు. అది యుద్ధానంతర జర్మనీ చరిత్రకు ప్రత్యక్ష సాక్ష్యం అన్నది మాత్రం కాదనలేం. ఈ తేడా పేరుకు మాత్రమే కాదు, మరమ్మతుల్లో తేలుతుంది. 1755 నాటి ఇల్లు అనుకుంటే, 1950 ప్రాంతపు వడ్రంగి వేసిన అతుకు పాత పద్ధతిలో లేదని దాన్ని ఊడదీసి ‘ఇంకా అసలైనది’ పెట్టవచ్చు. 1951 నాటి కట్టడం అనుకుంటే ఆ అతుకునే కాపాడాలి.

పాతమిద్దె:
ఈ షరతుకు నేను ఒప్పుకోగలను. అయితే వీధివైపు గోడ మీద ‘గోథే జన్మస్థలం’ అన్నంత పెద్ద అక్షరాలతోనే, 1944లో కూలినదనీ 1951లో కట్టి ముగించినదనీ రాయాలి.