ఫైర్‌వాల్ ఫెయిలోవర్ బాగానే ఉంది, ప్రైమరీ వెనక్కి వచ్చేటప్పుడే అరనిమిషం కట్

ప్రశ్న:
రెండు ఫైర్‌వాల్స్ యాక్టివ్/స్టాండ్‌బైలో (ఒకటి పనిచేస్తుంటే రెండోది సిద్ధంగా) ఉన్నాయి. హార్ట్‌బీట్ కేబుల్ (ఒకటి బతికుందో లేదో రెండోదానికి తెలిపేది) రెండింటి మధ్య నేరుగా వేశాం, మిగతావన్నీ స్విచ్‌ల మీదుగా. ప్రైమరీ పవర్ పీకితే రెండు మూడు పింగ్‌లు పోయి సెకండరీ అందుకుంటోంది, అక్కడ ఇబ్బంది లేదు. ప్రైమరీని మళ్లీ ఆన్ చేశాక, అది బూట్ అయి యాక్టివ్ అవగానే దాదాపు ముప్పై సెకన్లు అంతా ఆగిపోయి, తర్వాత దానంతటదే వచ్చేస్తోంది. రెండింటి కాన్ఫిగ్ పక్కపక్కన పెట్టి ప్రతి లైనూ చూశాను, తేడా లేదు. నాలుగుసార్లు టెస్ట్ చేస్తే నాలుగుసార్లూ ఇంతే. శనివారం రాత్రి ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్ ఉంది, ఇది తేలకుండా ముట్టుకోవాలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
ప్రతిసారీ ముప్పై దగ్గరే ఉంటే ఫైర్‌వాల్ వదిలేసి స్విచ్ చూడండి. స్పానింగ్ ట్రీలో (నెట్‌వర్క్‌లో లూప్ పడకుండా స్విచ్‌లు వాడే ప్రోటోకాల్) లింక్ అప్ అవగానే పోర్ట్ 15 సెకన్లు లిజనింగ్‌లో, ఇంకో 15 లెర్నింగ్‌లో ఉండి అప్పుడు గానీ ట్రాఫిక్ వదలదు. మీ హార్ట్‌బీట్ నేరు కేబుల్ కాబట్టి దానికి ఈ ఆలస్యం ఉండదు. ప్రైమరీ లేచిన సంగతి సెకండరీకి వెంటనే తెలుస్తుంది, ప్రీఎంప్ట్ (ప్రైమరీ తిరిగి రాగానే దాన్నే యాక్టివ్ చేసే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే అప్పుడే తప్పుకుంటుంది, కానీ ప్రైమరీ డేటా పోర్ట్‌లని స్విచ్ ఇంకా తెరవలేదు. ప్రైమరీ పోయేటప్పుడు బాగుండటానికి కారణం సెకండరీ పోర్ట్‌లు ముందునుంచీ ఫార్వర్డింగ్‌లో ఉండటమే. ఆ స్విచ్ పోర్ట్‌ల మీద పోర్ట్‌ఫాస్ట్ (ఈ ఆలస్యం లేకుండా పోర్ట్‌ని వెంటనే తెరిచే సెట్టింగ్) పెట్టండి. ఫైర్‌వాల్ బ్రిడ్జ్ మోడ్‌లో (రూటింగ్ చేయకుండా స్విచ్‌లా ట్రాఫిక్ దాటించేది) ఉంటే మాత్రం వద్దు, లూప్ పడొచ్చు.

ప్రశ్న వేసినవారు:
రూటింగ్ మోడే. పోర్ట్‌ఫాస్ట్ ఎప్పుడో పెట్టేశాం, కాన్ఫిగ్‌లో కనిపిస్తోంది కూడా.

జవాబు 1:
ఆ పోర్ట్‌లు ట్రంకా (ఒకే లింక్ మీద పలు నెట్‌వర్క్‌ల ట్రాఫిక్ మోసేవా)? సిస్కో స్విచ్ అయితే మామూలు పోర్ట్‌ఫాస్ట్ కమాండ్ ట్రంక్ మీద పనిచేయదు, చివర ట్రంక్ అని కూడా ఇవ్వాలి.

జవాబు 2:
అది సరిచేసినా ప్రీఎంప్ట్ తీసేయండి. రెండూ ఒకే మోడల్ బాక్సులైనప్పుడు ట్రాఫిక్ వెంటనే ప్రైమరీకే తిరిగి రావాల్సిన పనేముంది? ప్రైమరీలో పవర్ సప్లై చెడి మాటిమాటికీ రీబూట్ అయితే ప్రతిసారీ ట్రాఫిక్ అటూ ఇటూ ఊగుతుంది. పైగా రీబూట్ అయిన బాక్సులో సెషన్ టేబుల్ (నడుస్తున్న కనెక్షన్ల జాబితా) ఖాళీ, సింక్ పూర్తవకముందే అది యాక్టివ్ అయితే నడుస్తున్న కనెక్షన్లు తెగిపోతాయి. ప్రీఎంప్ట్ తప్పదనుకుంటే కొన్ని నిమిషాల డిలే అయినా పెట్టండి. అప్‌గ్రేడ్ కూడా ముందు స్టాండ్‌బై మీద చేసి, అది సింక్ అయ్యాక రోల్ మార్చండి.

ప్రశ్న వేసినవారు:
ట్రంకే! ప్రైమరీ లేచేటప్పుడు స్విచ్ కన్సోల్ ముందు కూర్చుంటే కళ్లముందే పోర్ట్ లిజనింగ్, లెర్నింగ్, ఫార్వర్డింగ్ అని మారింది. ఆ ఒక్క పదం చేర్చి మళ్లీ టెస్ట్ చేశాను, ఒక్క పింగ్ పోయింది అంతే, తెరిచి ఉంచిన ఎస్‌ఎస్‌హెచ్ సెషన్ కూడా తెగలేదు. ప్రీఎంప్ట్ ఇప్పుడే తీసేశాను. శనివారం ముందు సెకండరీతో మొదలుపెడతాను. ఇద్దరికీ చాలా థ్యాంక్స్.