కొట్టంలో దొరికిన మూడు తూట్ల చెక్క: జడ్డిగమా, తాడు పేనేదా?

పరకాల పోరడు: తాత కట్టించిన పశువుల కొట్టం విప్పుతుంటే అటక మీద దొరికింది. తుమ్మ చెక్కలా ఉంది, మంచి బరువు. పైన గిన్నెలా తొలిచారు. అడుగున వేలు పట్టేంత తూట్లు మూడు, వాటి మధ్య చిన్న బుడిపె. ఉలి దెబ్బలు కనిపిస్తున్నాయి, మిషన్ పని కాదు. నాన్నకూ తెలియదట. పాత సామాన్లు కొనేటాయన మాత్రం "కాకతీయుల కాలంది, ఇచ్చెయ్" అంటూ చవకగా అడుగుతున్నాడు. ఏమిటిది?

కోటగుమ్మం: తమ్మీ, ఓరుగల్లు పడిపోయింది 1323లో. ఏడు వందల ఏండ్లు చెదలు ఉపవాసం ఉన్నాయా? మన దగ్గర మసిపట్టిన ప్రతి చెక్కా కాకతీయులదే! అయినా అది నిజంగా ఆ కాలందే అనుకుంటే, అంత చవకగా ఎందుకు అడుగుతాడు?

నర్సంపేట అక్క: అది జడ్డిగం, అనుమానమే లేదు. విత్తనాలు వేసే గొర్రు మీద కడతారు. ఒక్కో తూటు కింద ఒక్కో వెదురు గొట్టం, ఆ గొట్టాలు గొర్రు పళ్ల వెనక సాళ్లలోకి దిగుతాయి. ఎడ్లను మగవాళ్లు తోలితే, వెంట నడుస్తూ పిడికిట్లోంచి జొన్నలు వదిలే పని మా అమ్మది. చెయ్యి ఆగితే ఆ మేర సాలు ఖాళీ, బిగి వదిలితే మొలక గుంపుగా లేస్తుంది. అందుకే జడ్డిగం దగ్గరికి ఎవరిని పడితే వాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. కూలి మాత్రం అందరితో సమానమే, అది వేరే ముచ్చట.

జనుపనార: అక్కా, అంత తొందరెందుకు? మూడు పేటల తాడు పేనేటప్పుడు కూడా మూడు తూట్ల చెక్క వాడతారు. పేటలు ఒకదానికొకటి చిక్కుపడకుండా ఒక్కో తూటులోంచి ఒక్కోటి పోతుంది. దొరికింది పశువుల కొట్టంలో. పలుపులు, పగ్గాలు ఉండే చోటు కదా.

నర్సంపేట అక్క: గొర్రు కూడా అటక మీదే పెడతారు తమ్ముడూ. దొరికిన చోటును బట్టి తేల్చలేం. తాడుకే అయితే గిన్నెలా తొలవడం ఎందుకు? పలక చాలు. ఆ బుడిపె గింజ మధ్యలో నిలవకుండా తూట్ల వైపు జారడానికి.

వడ్లపని: మాది వడ్రంగి ఇల్లు. తూట్ల లెక్క చూసి కొట్లాడకండి, అరుగుడు చూడండి. తాడు అయితే తూటుకు రెండు వైపులా అంచులు నున్నగా గుండ్రమవుతాయి. జడ్డిగానికి గొట్టం బిగించిన కింది వైపు అచ్చు పడుతుంది, పై అంచు అంతగా అరగదు. పోరడా, తిరగేసి చూసి చెప్పు.

పరకాల పోరడు: చూశాను అన్నా. కింద మూడింటికీ చుట్టూ అచ్చు ఉంది, మట్టి గట్టిగా పట్టింది. పై అంచులు పదునుగానే ఉన్నాయి. కానీ ఒక తూటుకు మాత్రం పక్కన లోతుగా గాడి పడింది.

జనుపనార: నేను చెప్పలే? ఆ గాడి తాడుదే.

వడ్లపని: తాడుదే కావచ్చు, పేనిన తాడుది కాదు. పేనితే మూడు పేటలూ కలిసి పోవాలి, మూడు తూట్లూ అరగాలి. ఒక్కదానికే ఉందంటే పని లేని రోజుల్లో అందులోంచి తాడు వేసి మేకుకు తగిలించి ఉంటారు. నా మాట జడ్డిగమే.

జనుపనార: జడ్డిగంగా పని అయిపోయాక తాడుకు వాడలేదని ఎలా చెప్తారు? మరి వాళ్ల నాన్నకు తెలియకపోవడమేంది?

నర్సంపేట అక్క: ఆయన చేను చేసే నాటికి ఊళ్లో పత్తి వచ్చి ఉంటుంది. పత్తి గింజ చేతితో పెడతారు, గొర్రుతో పని లేదు. మిగతా పంటలకు ట్రాక్టర్ వచ్చింది. పోరడా, నాన్నను కాదు, ఊళ్లో డెబ్బై దాటిన ఆడవాళ్లను అడుగు. దాన్ని కడగకు, నూనె పెట్టకు. తూట్లలో పట్టిన ఆ మట్టిలో గింజ పొట్టు ఏమన్నా ఉందేమో పుల్లతో మెల్లగా తీసి చూడు. జొన్న పొట్టు దొరికితే జనుపనార తమ్ముడు ఏమంటాడో చూద్దాం.

జనుపనార: పీచు దొరికితే?