మసావా పదం మొదట్లో వచ్చే అపాస్ట్రఫీని కొటేషన్ నుంచి విడదీసేదెలా?

మెక్సికోలోని మసావా, దానికి దగ్గరి చుట్టమైన ఒతోమీ భాషల పదాల పోలిక పట్టిక చేస్తున్నాను. పాత టైపు ఫైళ్లలో మామూలు అపాస్ట్రఫీ ఒక్కటే (యూనికోడ్ 0027) రెండు పనులు చేస్తోంది. మసావా పదాల్లో అది గొంతు బిగింపును చూపే అక్షరం, స్పానిష్ అర్థాలకేమో కొటేషన్. అక్షరంగా ఉన్నచోట దాన్ని 02బీసీకి (అపాస్ట్రఫీలా కనిపించినా యూనికోడ్ అక్షరంగా లెక్కించే గుర్తు) మార్చాలి. లేకపోతే పైథాన్ రెజెక్స్ (ప్రోగ్రాముల్లో పదాల నమూనాలు వెతికే పద్ధతి) దాన్ని విరామచిహ్నం అనుకుని పదాన్ని రెండు ముక్కలు చేస్తోంది. ఎన్‌ఎఫ్‌సీ (యూనికోడ్ అక్షరాలను ఒకే రూపానికి తెచ్చే పద్ధతి) నడిపినా లాభం లేదు, అది 0027 జోలికే పోదు.

పదం మధ్యలోవి సులువుగానే తేలాయి: రెండు వైపులా అక్షరాలుంటే మార్చేశాను. చిక్కల్లా పదం మొదట్లో. మసావాలో మ, న, ఞ ధ్వనుల ముందు కూడా గొంతు బిగింపు వస్తుంది. స్పానిష్‌లో 'మానో', 'నీన్యో' అని అర్థం రాసినా మొదలు అచ్చం అలాగే కనిపిస్తుంది.

కొటేషన్లు జతగా వస్తాయి కాబట్టి, పంక్తిలో అపాస్ట్రఫీలు బేసి సంఖ్యలో ఉన్నాయేమో చూశాను. అలాంటి మసావా పదాలు రెండుంటే, కొటేషన్‌తో కలిపి లెక్క 4 అయ్యి తప్పు దాగిపోతోంది. దగ్గర్లోని అపాస్ట్రఫీతో జత కలిపితే, మసావా పదం మొదటి అపాస్ట్రఫీ, స్పానిష్ అర్థం ముందున్న కొటేషన్‌ను లాగేసుకుంటోంది. స్పానిష్ పదజాబితాతో సరిచూస్తే, మసావాలో కలిసిపోయిన స్పానిష్ ఎరువు పదాలు అడ్డొస్తున్నాయి.

అర్థానికి వేరే కాలమ్ గానీ ట్యాబ్ గానీ లేని ఇలాంటి పంక్తుల్లో, పదం మొదటి అపాస్ట్రఫీ అక్షరమా కొటేషనా అని తేల్చే రూల్ ఏదైనా మీరు వాడారా?