ఎత్తు తక్కువైతే వయసూ తక్కువేనా? పనికొచ్చినవి రాయండి

నాలుగడుగులు:
ఎకాండ్రోప్లేసియా, అంటే పుట్టుకతో చేతులు, కాళ్లు పొట్టిగా ఉండే మరుగుజ్జుతనం ఉన్న పెద్దవాళ్ల కోసం ఈ చర్చ. బ్యాంకులో "బాబూ, మీ నాన్నేడీ?", బస్సులో హాఫ్ టికెట్, బట్టల కొట్లో "పిల్లలవి పై అంతస్తు". ఓదార్పులు వద్దు, పనిచేసిన ఉపాయాలు చెప్పండి.

కత్తెర:
ముందు చొక్కా సంగతి. పిల్లల సైజు కొనొద్దు. మొండెం దాదాపు మామూలు పెద్దవాళ్లంతే ఉంటుంది, పొట్టిగా ఉండేవి దండచేతులు, తొడలు. పన్నెండేళ్ల సైజు చేతుల పొడవుకు సరిపోయినా భుజం, చంక పట్టేస్తాయి. పైగా జేబు మీద ఎలుగుబంటి బొమ్మ. ఛాతీ కొలతకు పెద్దల చొక్కా తీసుకుని చేతులు తగ్గించుకోవాలి. దర్జీలు తప్పుచేసేది ఇక్కడే: కింద ఆరంగుళాలు కోసి అదే కఫ్ మళ్లీ కుట్టేస్తారు. చెయ్యి కిందికి పోనుపోను సన్నబడుతుంది కదా, కోసిన చోట అంచు కఫ్ కన్నా వెడల్పుగా ఉండి కుచ్చులు పడుతుంది. మోచేతి పైనుంచే కుట్టు లోపలికి తీసుకోమనండి. కఫ్ పైనుండే చీలిక కోతలో పోతుంది, కొత్తగా వేయించాలి.
ప్యాంటుకు ఆల్టరేషన్ దండగ, మోకాలి దగ్గర సన్నబడాల్సింది మడమ దగ్గరికొస్తుంది. గుడ్డ కొని కుట్టించుకోండి.

రెండోమెట్టు:
కౌంటర్ దగ్గర నిలబడి మాట్లాడొద్దు. అవతలివాళ్లకు ముఖం కనబడదు, గొంతొక్కటే వినిపిస్తుంది. కుర్చీ ఉన్న టేబుల్ దగ్గరికి వెళ్లండి. తేడా అంతా కాళ్లలోనే కాబట్టి కూర్చుంటే దాదాపు ఎదురెదురుగా ఉంటారు. కాళ్లు వేలాడితే తిమ్మిరెక్కుతాయి, బ్యాగు కింద పెట్టుకుని దాని మీద ఆనించండి. మడత స్టూలు తీసుకెళ్తే 9 అంగుళాల ఎత్తు, అడుగు వెడల్పు, కాళ్లకు రబ్బరు తొడుగులు ఉండాలి. టైల్స్ మీద తొడుగులు లేని స్టూలు జారుతుంది.

తోడొచ్చేవాళ్లు:
మాకూ ఒక నియమం ఉంది: జవాబు చెప్పకూడదు. "ఈయనకి సంతకం వచ్చా?" అని మనల్నడిగితే ఆయన వైపు తిరిగి ఊరుకోవాలి. కాగితాలు ఆయన చేతిలోనే ఉండాలి, మనం రెండడుగులు వెనకుండాలి. "నేను చెప్తా లెండి" అన్నామా, ఇక పనంతా మనతోనే.

కాగితం:
2016 వికలాంగుల హక్కుల చట్టంలో పెద్దయ్యాక ఎత్తు 147 సెం.మీ., అంటే 4 అడుగుల 10 అంగుళాలు లేదా అంతకన్నా తక్కువుంటే మరుగుజ్జుతనం కింద వస్తుంది. సర్టిఫికెట్‌కు లెక్క అక్కణ్నుంచి తగ్గిన ప్రతి అంగుళానికీ 4 శాతం. నాలుగడుగుల మనిషికి 40. రిజర్వేషన్ లాంటివాటికి కనీసం అంత కావాలి. 4 అడుగుల 3 అంగుళాలైతే 28 దగ్గరే ఆగిపోతుంది, అందుకని కాళ్ల వంకర, వెన్ను సమస్య ఉంటే అవీ విడిగా చూడమని డాక్టర్‌ను అడగండి.
అదే చట్టంలో సెక్షన్ 92: నలుగురి ముందు కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి అయిదేళ్ల జైలు, జరిమానా. బుగ్గ గిల్లినందుకు కేసు పెట్టమని కాదు.
కండక్టర్ హాఫ్ టికెట్ కొడితే వద్దనండి. అది వయసును బట్టి ఇచ్చేది, చెకింగ్ వాళ్లెక్కితే ఇబ్బంది మీకే.

నాలుగడుగులు:
మరి "నువ్వు" అంటే? అరిస్తే "బుజ్జికి కోపమొచ్చింది" అని నవ్వుతారు.

రెండోమెట్టు:
వాళ్లు నోరు విప్పకముందే మొదలెట్టాలి: "మేనేజర్ గారూ, నా పేరు ఫలానా, లాకర్ గురించి వచ్చానండీ." ఉద్యోగం కూడా చెప్పేయండి. అయినా "నువ్వు" అంటే "మీరు అనండి" అని ఒక్కసారి, ఆ వెంటనే పనిలోకి. రెండోసారి అడిగితే అది తగవవుతుంది. ఎత్తుకోబోతే మాత్రం మర్యాద గురించి చెప్పకండి. "ఎత్తకండి, వెన్నుపాముకు ప్రమాదం" అనండి, చేతులు చప్పున వెనక్కెళ్తాయి. అబద్ధమేం కాదు, మనకు వెన్నులో నరాల దారి ఇరుకు.

నాలుగడుగులు:
సరేనండీ. కత్తెర గారూ, ఆ చీలిక ఎన్ని అంగుళాలు పెట్టమనాలి?

కత్తెర:
నాలుగు చాలు. అంతకన్నా పొడవైతే మోచేతి దాకా నోరు తెరుస్తుంది.