ట్యాపింగ్‌కు ముందే జడ్జి అనుమతి: బిల్లులో ఏం రాయాలి?

లా విద్యార్థిని, విశాఖ: ఫోన్ ట్యాపింగ్‌కు ముందు జడ్జి అనుమతి తప్పనిసరి చేసే ప్రైవేటు మెంబరు బిల్లు (మంత్రి కాని సభ్యులు పెట్టేది) ముసాయిదా రాస్తున్నాం, మన ఎంపీకి ఇవ్వాలని. అనుమానాలు: అసెంబ్లీలోనే పెట్టించలేమా? ఇప్పుడున్న సమీక్ష కమిటీ ఎందుకు చాలదు? జిల్లా జడ్జికి అధికారం ఇస్తే సరిపోతుందా?

అడ్వొకేట్, ఎంవీపీ కాలనీ: అసెంబ్లీలో కుదరదమ్మా, టెలిఫోన్లు రాజ్యాంగంలోని కేంద్ర జాబితాలో 31వ అంశం, దాని మీద చట్టం చేసేది పార్లమెంటే. ట్యాపింగ్‌కు అధికారమిచ్చే 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం సెక్షన్ 20(2)కు సవరణగా రాయండి. కంప్యూటర్ సమాచారంపై నిఘాకు వీలిచ్చే ఐటీ చట్టం సెక్షన్ 69నీ కలపండి, లేకపోతే కాల్‌కు జడ్జి కావాలి, కంప్యూటర్‌లోని మెసేజ్‌కు అక్కర్లేదు అన్నట్టవుతుంది.

కమిటీ సంగతికొస్తే, ఉత్తర్వు ఇచ్చేది రాష్ట్ర హోం కార్యదర్శి. దాన్ని సమీక్షించేది చీఫ్ సెక్రటరీ, న్యాయ కార్యదర్శి, ఇంకో కార్యదర్శి. అందరూ ప్రభుత్వం మనుషులే. కమిటీ కూర్చునేది రెండు నెలలకోసారి, ఉత్తర్వు గడువేమో 60 రోజులు. ఫైలు వాళ్ల ముందుకొచ్చేసరికి వినాల్సింది వినేసి ఉంటారు. పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన ట్యాపింగ్ కేసులో 1996లో సుప్రీంకోర్టు కూడా, చట్టంలో లేని ముందస్తు న్యాయ పరిశీలన తాను పెట్టలేనంటూ కమిటీతోనే ఆగింది. కాబట్టి పని పార్లమెంటుదే.

క్రిమినల్ ప్రాక్టీస్, జిల్లా కోర్టు: జిల్లా జడ్జి వద్దండి. రోజూ అదే పోలీసుల కేసులు, బెయిల్ పిటిషన్లు చూసే కోర్టు అది. హైకోర్టు జడ్జే మేలు. అమరావతి దూరమనే అభ్యంతరానికి సీల్డ్ దరఖాస్తు ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చని రాయండి.

అత్యవసర క్లాజు దగ్గర జాగ్రత్త. ఇప్పుడు ఐజీ స్థాయి అధికారి ట్యాపింగ్ మొదలుపెట్టేసి, 7 పని దినాల్లో హోం కార్యదర్శి ఆమోదం తెచ్చుకుంటే చాలు. మధ్యలో సంక్రాంతి సెలవులు పడితే ఆ ఏడు కాస్తా పది పన్నెండవుతాయి. “48 గంటలు” అని రాయండి, “పని దినాలు” అన్న మాటే వద్దు.

అసలు ప్రాణం సాక్ష్యం క్లాజులో ఉంది. అక్రమంగా సంపాదించినా సాక్ష్యం చెల్లుతుందని 1972 మల్కానీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు. అందుకని ఇలా పెట్టండి: “అనుమతి లేకుండా విన్న సంభాషణ గానీ, దాని ద్వారా దొరికినది గానీ ఏ కోర్టులోనూ సాక్ష్యంగా చెల్లదు.” ఇది లేకపోతే జడ్జి సంతకం అలంకారమే.

అడ్వొకేట్, ఎంవీపీ కాలనీ: ఒప్పుకుంటాను. నోటీసు కూడా కలపండి. రికార్డులు ఆరు నెలలకోసారి ధ్వంసం చేయాలన్నది ఇప్పటి రూలు. తన ఫోన్ విన్నారని మనిషికి తెలిసేనాటికి కాగితమే ఉండదు. నిఘా ముగిశాక ఆ మనిషికి నోటీసు, ఆ తర్వాతే ధ్వంసం.

కొత్త ట్రిబ్యునల్ మాత్రం అడగకండి. కేంద్ర ఖజానా నుంచి ఖర్చు ఉందంటే రాజ్యాంగం 117(3) అధికరణ కింద రాష్ట్రపతి సిఫారసు కావాలి, బిల్లు అక్కడే ఆగిపోతుంది.